నల్లగొండలో ఇంగ్లీష్ గ్రామర్ బ్యాచ్: పెట్టిన ఫీజు గిట్టుబాటయిందా?

ముందే చెప్పేస్తున్నా. టెట్ రాసేవాళ్ళు, డీఎస్సీకి చదివేవాళ్ళు, తెలుగు మీడియంలో చదువుకుని ఇంగ్లీష్ పేపర్ అంటేనే టెన్షన్ పడేవాళ్ళు ఈ బ్యాచ్‌లో చేరొచ్చు. గడగడ ఇంగ్లీష్ మాట్లాడాలన్న ఆశతో చేరాలనుకుంటే మాత్రం డబ్బులు జేబులోనే ఉంచుకోండి. పొడుగు రివ్యూ చదివే ఓపిక లేనివాళ్ళకు ఇంతే, ఎందుకో తెలుసుకోవాలంటే కిందికి రండి.

ఇన్‌స్టిట్యూట్ పేరు రాయట్లేదు. మెచ్చుకోవాల్సినవి ఉన్నాయి, తిట్టాల్సినవీ బాగానే ఉన్నాయి, పేరు పెట్టి రాస్తే రేపు క్లాక్ టవర్ దగ్గర ఎదురుపడ్డప్పుడు ముఖం ఎట్లా పెట్టుకోవాలి? కింద జిరాక్స్ షాపు, పైన రెండో అంతస్తులో క్లాసు, మెట్ల గోడ మీద పోయినేడు సెలెక్టయినవాళ్ళ ఫొటోలు. ఈ గుర్తులు పట్టుకుని వెతికితే నల్లగొండలో పది ఇన్‌స్టిట్యూట్లు దొరుకుతాయని నాకూ తెలుసు, అందుకే రాశాను.

నేను తిప్పర్తి దగ్గర ఒక ప్రైవేట్ బడిలో సోషల్ చెప్తాను. 2022-23 నుంచి సర్కారు బళ్ళల్లోనే ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టారు, ఇక ప్రైవేట్ బడి సంగతి చెప్పేదేముంది, అశోకుడి శాసనాల గురించి కూడా ఇంగ్లీష్‌లోనే చెప్పాలి. దానికి తోడు టెట్. 150 మార్కుల్లో ఇంగ్లీష్‌వి 30, సోషల్ మీద ఎంత పట్టున్నా ఈ ముప్పై దగ్గర చతికిలపడితే స్కోరు పెరగదు. గ్రూప్-1 మెయిన్స్‌లో కూడా జనరల్ ఇంగ్లీష్‌లో క్వాలిఫై కాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు కాబట్టి, ఆ పిల్లలు కూడా మా బ్యాచ్‌లో కొందరున్నారు. బ్యాచ్ పేరు బేసిక్ గ్రామర్, ఫీజు 2,500, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. సగం కోర్సు పార్ట్స్ ఆఫ్ స్పీచ్‌కే, అంటే భాషాభాగాలకే పోతుంది. అంత టైం దానికెందుకు, నౌన్, ప్రొనౌన్ ఆరో తరగతిలోనే చదివాం కదా అని చాలామంది మొదట్లో గొణిగారు.

మొదటి క్లాసులో సార్ బోర్డు మీద ఏమీ రాయకుండా "నౌన్ అంటే ఏంది?" అని అడిగారు. అరవై గొంతులు ఒక్కసారే "నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్ ఆర్ థింగ్" అన్నాయి. సరే అని ఆయన ఐదు వాక్యాలు రాసుకుంటూ పోయారు. సర్వర్ ఈజ్ డౌన్. హీ ఫెల్ డౌన్. షీ వాక్డ్ డౌన్ ది స్టెప్స్. లైఫ్ హాజ్ అప్స్ అండ్ డౌన్స్. హీ డౌన్డ్ హిజ్ టీ ఇన్ వన్ గల్ప్. ఐదింట్లోనూ డౌన్ కింద ఎర్ర గీత కొట్టి ఇటు తిరిగారు. వెనక బెంచీలో ఒక తమ్ముడు, పోలీసు ఉద్యోగానికి చదువుతున్నాడు, "సార్, ఇంతకీ డౌన్ ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్?" అన్నాడు.

"ఏ డౌను తమ్మీ? ఉత్త డౌనుకు నేనేం జెప్పాలె? సెంటెన్స్ చూపియ్యి, అప్పుడు జెప్తా."

సర్వర్ సంగతి చెప్పే వాక్యంలో అది అడ్జెక్టివ్, పడిపోయినప్పుడు ఆడ్వర్బ్, మెట్ల ముందు నిలబడితే ప్రిపొజిషన్, చివర ఎస్ తగిలించుకుని అప్స్ పక్కన కూర్చుంటే నౌన్, టీ గటగటా తాగేస్తే వర్బ్. "ఇంట్ల నేను నాయినను, బస్సెక్కితే ప్యాసింజర్‌ను, గీడ సార్‌ను. మనిషిని ఒక్కణ్ణే గదా" అన్నారాయన. మాటకు పుట్టుకతో వచ్చిన కులమేదో ఉన్నట్టు "టేబుల్ నౌన్, రన్ వర్బ్" అని జాబితాలు బట్టీ పట్టించిన బళ్ళల్లో చదివినవాళ్ళకు ఇక్కడే మబ్బు విడుతుంది. ఈ ఒక్క క్లాసు కోసం ఫీజులో సగం ఇచ్చినా తప్పులేదని నా అభిప్రాయం.

తర్వాత వారమంతా మాటల అర్థం జోలికి పోకుండా అవి ఉన్న చోటును పట్టి గుర్తుపట్టే ఉపాయాలు నేర్పారు. 'ది' తర్వాత ఖాళీ పెట్టి 'ఈజ్ గుడ్' అని రాస్తే, ఆ ఖాళీలో ఒంటరిగా ఇమిడే మాట మామూలుగా నౌన్. వాక్యంలో 'యెస్టర్‌డే' చేర్చినప్పుడు ఏ మాట రూపం మార్చుకోవాల్సి వస్తుందో అది వర్బ్. ముందు 'వెరీ' పెట్టగలిగితే ఎక్కువగా అడ్జెక్టివ్, అయితే 'వెరీ స్లోలీ' కూడా అంటాం కాబట్టి ఇదొక్కటే నమ్ముకుంటే ఆడ్వర్బ్ కూడా దూరిపోతుంది, దానికి ఇంకో పరీక్ష ఉంది: వాక్యంలో అటూ ఇటూ జరిపి చూడాలి. స్లోలీ హీ ఓపెన్డ్ ది డోర్, హీ స్లోలీ ఓపెన్డ్ ది డోర్, హీ ఓపెన్డ్ ది డోర్ స్లోలీ, మూడూ నడుస్తాయి. అడ్జెక్టివ్‌కు ఈ తిరుగుడు కుదరదు, తన నౌన్‌ను అంటిపెట్టుకునే ఉండాలి.

ఇవన్నీ అయ్యాక ఒకరోజు బోర్డు మీద "ది బిమ్మీ లాపర్స్ టిగ్డ్ జోరీలీ" అని రాసి పార్ట్స్ ఆఫ్ స్పీచ్ చెప్పమన్నారు. అందరూ ముఖాలు చూసుకున్నారు. "సార్, బిమ్మీ అంటే ఏంది?" అంటే "నాకూ తెల్వదు" అన్నారు తాపీగా. ఐదు నిమిషాల్లో దేవరకొండ నుంచి వచ్చే అమ్మాయి, అప్పటిదాకా క్లాసులో నోరు విప్పనే లేదు, మొత్తం చెప్పేసింది. లాపర్స్ చివర ఎస్ ఉంది, ముందు 'ది' ఉంది కాబట్టి నౌన్. ఆ రెంటి మధ్యలో ఇరుక్కున్న బిమ్మీ అడ్జెక్టివ్. చివర డ శబ్దం తగిలిన టిగ్డ్ జరిగిపోయిన పని. జోరీలీకి చివర లీ ఉంది, పని ఎట్లా జరిగిందో చెప్తోంది. అర్థం ఒక్క ముక్క తెలియకుండా వాక్యం మొత్తం విప్పింది. టీచర్‌గా చెప్తున్నా, ఇట్లాంటి ఎక్సర్‌సైజు బీఈడీలో కూడా నాకెవరూ చూపించలేదు, మరుసటి వారమే మా ఏడో తరగతి పిల్లల మీద వాడాను.

పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదా తొమ్మిదా అన్న గొడవ కూడా తీరింది. ఒక గైడులో ఎనిమిదని, ఇంకోదాంట్లో ఆర్టికల్స్ కలిపి తొమ్మిదని, కొన్నిట్లో డిటర్మినర్స్ అని కొత్త పేరు. సార్ చెప్పింది ఏంటంటే, ఈ లెక్క ఇంగ్లీష్‌లో పుట్టిందే కాదు. క్రీస్తుకు పూర్వం నాటి డయొనీసియస్ థ్రాక్స్ అనే గ్రీకు పండితుడి పేరుతో వచ్చిన వ్యాకరణంలో ఎనిమిది భాగాలున్నాయి. అందులో ఆర్టికల్ ఉంది, పార్టిసిపుల్ (వర్బ్ నుంచి పుట్టి అడ్జెక్టివ్‌లా పనిచేసే మాట) ఉంది, అడ్జెక్టివ్ మాత్రం వేరుగా లేదు, నౌన్‌లోనే కలిసి ఉండేది. లాటిన్ వాళ్ళ భాషలో ఆర్టికల్ లేదు, అయినా ఎనిమిది తగ్గకూడదన్నట్టు అయ్యో, ఆహా లాంటి మాటలకు ఇంటర్జెక్షన్‌ అనే భాగాన్ని తెచ్చి లెక్క సరిచేశారు. ఆ లాటిన్ లెక్కనే ఇంగ్లీష్ వాళ్ళు తమ భాషకు తొడిగారు, తర్వాత్తర్వాత పార్టిసిపుల్ జారిపోయి అడ్జెక్టివ్ విడిగా నిలబడింది. ఎ, యాన్, ది, దిస్, మై, సమ్ లాంటివాటిని ఇప్పటి గ్రామర్లు డిటర్మినర్స్ అని పక్కన పెడతాయి, మన పాత గైడ్లు అడ్జెక్టివ్ కిందే వేస్తాయి. "ఎగ్జామ్‌ల ఆప్షన్స్ చూడు. డిటర్మినర్ అని ఉంటే గది పెట్టు, లేకుంటే అడ్జెక్టివ్. పండితులు కొట్లాడుకుంటరు, నువ్వు మార్కు తెచ్చుకో." ఇంతకన్నా పనికొచ్చే సలహా నాకైతే ఎక్కడా దొరకలేదు.

తెలుగు వ్యాకరణంలో మనం చదివినవి ఐదే: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఆ ఐదింటినీ ఈ ఎనిమిదితో జతపరిచి ఒక పట్టిక గీస్తారేమో అనుకున్నా, గీయలేదు. నిజానికి అట్లా జతపడవు కూడా. మన అవ్యయం సంచీలో ఇంగ్లీష్ వాళ్ళ ఆడ్వర్బులు, కంజంక్షన్లు, ఇంటర్జెక్షన్లు చాలావరకు పడిపోతాయి. వాళ్ళ ప్రిపొజిషన్లు చేసే పనిని మన దగ్గర విభక్తులు చేస్తాయి, అదీ మాట వెనకాల నిలబడి.

ప్రిపొజిషన్ దగ్గర సార్ అదరగొట్టారు, ఒప్పుకోవాలి. మనం నల్లగొండ నుంచి అంటాం, వాళ్ళు ఫ్రమ్ నల్గొండ అంటారు, ముందుకూ వెనక్కూ తేడా, ఇది అందరూ చెప్పేదే. ఆయన దాని మీద ఆగలేదు. మన విభక్తి ఎక్కడెక్కడ మన చేత తప్పు రాయిస్తుందో ఒక్కొక్కటీ బయటికి లాగారు. "నల్లగొండకు చేరుకున్నాం" అంటాం కదా, ఆ 'కు' ఊరుకోదు, రీచ్డ్ టు నల్గొండ అని రాయిస్తుంది. ఇంగ్లీష్‌లో రీచ్డ్ నల్గొండ, అంతే. "జీతాల గురించి చర్చించాం" అన్నందుకు డిస్కస్డ్ అబౌట్ సాలరీస్ అని రాస్తాం, అక్కడ అబౌట్ పనే లేదు. "డాక్టర్‌తో పెళ్ళయింది" లోంచి మ్యారీడ్ విత్ పుడుతుంది, ఉండాల్సింది మ్యారీడ్ టు. ఇంక 'లో'. కారులో అంటే ఇన్ ది కార్, బస్సులో అంటే ఆన్ ది బస్, రైల్లో అన్నా ఆన్ ది ట్రైన్, మనకు మూడింటికీ ఒకటే 'లో'. లేచి నిలబడి నాలుగడుగులు వెయ్యగలిగే బండైతే ఆన్, ఒంగి దూరి కూర్చోవాల్సిందైతే ఇన్ అని పెట్టుకోండి అన్నారు. మిర్యాలగూడ బస్సులో సాయంత్రం ఏడున్నరకు నిలబడడానికే చోటుండదు, నాలుగడుగుల మాట దేవుడెరుగు, అయినా ఆన్ ది బస్సే.

వర్బ్ దగ్గర కూడా ఇదే పద్ధతి. "ఆయన టీచర్" తెలుగులో నిండు వాక్యం, క్రియ లేకపోయినా ఏ లోటూ లేదు. అందుకే మన పిల్లలు హీ టీచర్ అని రాసి చేతులు దులుపుకుంటారు, ఇంగ్లీష్‌లో ఈజ్ లేకుండా వాక్యం నిలబడదు. "నిన్న వచ్చిన అబ్బాయి" అని మనం ఒక్క 'వచ్చిన'తో సరిపెట్టేదాన్ని వాళ్ళు ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే అని హూ అనే ప్రొనౌన్‌ను మధ్యలో నిలబెట్టి చెప్పాలి. మన భాషలో ఆ పని చేసే సర్వనామం వాడకంలో లేదు కాబట్టి హూ, విచ్, దట్ మనకు అంత తొందరగా వంటబట్టవు. పిల్లల పేపర్లు దిద్దేవాళ్ళకు ఇది తెలిస్తే కోపం సగం తగ్గుతుంది.

ఇక తిట్లు.

ఆడ్వర్బ్ దగ్గర సార్ ఒక షార్ట్‌కట్ ఇచ్చారు. తెలుగులో చివర 'అయిన' వస్తే అడ్జెక్టివ్, 'గా' వస్తే ఆడ్వర్బ్. అందమైన అమ్మాయి, అందంగా పాడింది. బ్యూటిఫుల్ గర్ల్, షీ సాంగ్ బ్యూటిఫుల్లీ. వినడానికి చాలా బాగుంది, నోట్సులో అందరూ డబ్బా కట్టి మరీ రాసుకున్నారు. ఆ తర్వాతి ఆదివారం టెస్టు పెడితే క్లాసులో దగ్గర దగ్గర సగం మంది "ఆమె సంతోషంగా ఉంది"కి షీ ఈజ్ హ్యాపీలీ అని రాశారు. రాయరా మరి? 'గా' ఉందిగా! షార్ట్‌కట్ ప్రకారం వాళ్ళు రాసింది కరెక్టే. "ఈజ్ తర్వాత లీ రాదు, గంతే" అని తేల్చేశారు సార్, ఎందుకు రాదో చెప్పలేదు. అన్నిటికీ కారణం విప్పి చెప్పే మనిషి ఇక్కడెందుకు దాటేశారో నాకర్థం కాలేదు. బహుశా పక్క బ్యాచ్ వాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉండడం వల్ల కావచ్చు.

చెప్పాల్సింది ఇది. బి వర్బులు, అంటే యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, వాటితోపాటు సీమ్, బికమ్, కొన్ని వాడుకల్లో లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్, ఇవి పనిని చెప్పేవి కావు, కర్తకు ఒక గుణాన్ని తగిలించే వర్బులు. వాటి తర్వాత వచ్చే మాట కర్త గురించి చెప్తుంది, కాబట్టి అడ్జెక్టివే ఉండాలి. తెలుగులో ఆ చోట కూడా మనం 'గా'నే వాడతాం: చాయ్ చల్లగా అయింది, బిర్యానీ ఘుమఘుమగా ఉంది, నాకు ఆకలిగా ఉంది. అందుకే మన 'గా' రెండు వేర్వేరు పనులు చేస్తుంది, ఇంగ్లీష్ వాళ్ళు ఆ రెంటినీ విడదీస్తారు. హీ లుక్డ్ యాంగ్రీ అంటే ఆయన కోపంగా కనిపించాడు. హీ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మీ అంటే నా వైపు కోపంగా చూశాడు. తెలుగులో రెండు చోట్లా కోపంగానే, కానీ మొదటిది ఆయన ముఖం సంగతి, రెండోది ఆ చూపు సంగతి. లుక్డ్ తీసేసి అక్కడ వాజ్ పెట్టి చూడండి, వాక్యం నిలబడితే అడ్జెక్టివ్ పెట్టండి. హీ వాజ్ యాంగ్రీ నిలబడుతుంది. ఈ మాట క్లాసులో ఒక్క నిమిషం చెప్పి ఉంటే ఆ టెస్టులో సగం మంది మార్కులు పోయేవి కావు.

లీ మీద ఇంకో సంగతి. ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ చివర లీ ఉన్నా అడ్జెక్టివులే, ఫాస్ట్, హార్డ్ అనేవి లీ లేకుండానే ఆడ్వర్బులు. ఇది సార్ బాగానే చెప్పారు. కానీ వాళ్ళిచ్చిన మెటీరియల్ తీస్తే, అది వేరే 300 రూపాయలు, కీలో "హీ వర్క్స్ హార్డ్‌లీ" కరెక్టని ఉంది. కష్టపడి పనిచేస్తాడు అనాలంటే హీ వర్క్స్ హార్డ్. హార్డ్‌లీ అంటే దాదాపు లేనట్టే, హీ హార్డ్‌లీ వర్క్స్ అంటే వాడు పని చేసేదే అంతంతమాత్రం, పూర్తిగా ఉల్టా అర్థం. ఇది చూపిస్తే ఆఫీసులో కూర్చునే అన్న "ప్రింటింగ్ మిస్టేక్ మేడం, సార్ చూసుకుంటరు" అన్నారు. ఆ తర్వాత చేరినవాళ్ళకూ అదే జిరాక్స్ ఇచ్చారు. ఇట్లాంటివి ఇంకో నాలుగైదు కనిపించాయి, ఒక చోట గుడ్, వెల్ కూడా తారుమారయ్యాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ లాంటి పరీక్షల్లో మొదటి దశలోనే తప్పు జవాబుకు అర మార్కు కోత ఉంటుంది, తప్పు కీ చూసి నేర్చుకున్నవాడి గతేంటి?

వర్బ్ చివర ఇంగ్ చేరే రూపాలను కూడా పరుగెత్తించారు. స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్‌లో అది నౌన్ పని చేస్తుంది, రన్నింగ్ వాటర్‌లో అడ్జెక్టివ్ పని, హీ ఈజ్ రన్నింగ్‌లో వర్బ్‌లో భాగం. పరీక్షల్లో ఆడుకునేది ఈ మూడింటితోనే. దీనికి ఒక్క క్లాసు కూడా పూర్తిగా ఇవ్వలేదు. డౌన్‌కు ఇచ్చిన టైంలో సగం దీనికిచ్చినా పిల్లలు బాగుపడేవాళ్ళు. కంజంక్షన్లు పర్వాలేదు, ఆఫ్టర్ లంచ్‌లో ఆఫ్టర్ ప్రిపొజిషన్, ఆఫ్టర్ హీ లెఫ్ట్‌లో కంజంక్షన్, వెనకాల కర్తా క్రియా ఉన్న వాక్యం ఉందా, ఉత్త నౌన్ ఉందా చూసుకోమన్నారు, సరిపోతుంది. ఇంటర్జెక్షన్ ఐదు నిమిషాల్లో అయిపోయింది, అంతకన్నా అక్కర్లేదు కూడా.

ఇక స్పోకెన్ ప్యాకేజీ. బేసిక్ గ్రామర్‌లో చేరిన రెండో వారం నుంచే "ఇంకో పదిహేను వందలు కడితే స్పోకెన్ కూడా అయితది" అని వాట్సాప్ గ్రూపులో రోజూ మెసేజ్. డెమో సార్ చెప్తారు, అద్భుతంగా ఉంటుంది, డబ్బులు కట్టాక వేరే అబ్బాయి వస్తాడు. పాపం ఆ అబ్బాయి తప్పేం లేదు, డిగ్రీ అయిన ఏడాదే అయుంటుంది, చేతికిచ్చిన పేపర్లోంచి గుడ్ మార్నింగ్ నుంచి మొదలుపెట్టి వాక్యాలు చదివిస్తాడు, మనం తిరిగి చదవాలి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి చేత ఒక్కసారైనా మాట్లాడించలేదు. డబ్బులు వాపసు అడిగిన మా బ్యాచ్ అక్క ఒకామెను "నెక్స్ట్ బ్యాచ్‌ల కూసోండి మేడం, ఫ్రీ" అని పంపించారు. అదే క్లాసు మళ్ళీ ఫ్రీగా వింటే ఏమొస్తుంది?

గది నలభై మందికి సరిపోతుంది, అరవై మందిని కూర్చోబెడతారు. వెనక వరసలకు బోర్డు కింది భాగం కనబడదు, ఫ్యాన్లు రెండు, అందులో ఒకటి తిరుగుతుంది. ఆడవాళ్ళకు బాత్రూం లేదు, అడిగితే బస్టాండ్ చూపించారు. ఆరు గంటల క్లాసుకు ఊళ్ళ నుంచి వచ్చే ఆడపిల్లలు బ్యాచ్‌లో సగానికి పైన ఉన్నారు, వాళ్ళ ఫీజుల మీదే ఆ ఇన్‌స్టిట్యూట్ నడుస్తోంది, ఇంత మాత్రం సౌకర్యం చేయలేరా? మెట్ల మీద లైటు కూడా మేము నలుగురం గట్టిగా అడిగాకే వేశారు.

ఫీజు కట్టలేనివాళ్ళకు: తెలంగాణ ప్రభుత్వం నడిపే టీశాట్ నిపుణ ఛానల్లో పోటీ పరీక్షల క్లాసులు ఉచితంగానే వస్తాయి, ఫోన్లో కూడా చూసుకోవచ్చు. జిల్లా గ్రంథాలయంలో కూర్చుని చదువుకునే గుంపును చూస్తే సగం టెన్షన్ పోతుంది. ఎక్కడ చదివినా ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ ఒకటి చేతిలో ఉండాలి. మాట పక్కన చిన్న అక్షరాల్లో నౌనా, వర్బా, అడ్జెక్టివా అని వేస్తారు, చాలామంది దాన్ని దాటేసి నేరుగా అర్థం మీదికి పోతారు. డౌన్ కోసం తెరిస్తే ఆ గుర్తులు ఎన్నిసార్లు మారతాయో చూడండి. కానీ 'గా' లాంటి చిక్కులు డిక్షనరీలో దొరకవు, అడగడానికి ఎదురుగా మనిషి కావాలి, అందుకే ఇన్ని తిట్లు తిట్టాక కూడా గ్రామర్ బ్యాచ్‌కు ఐదుకు మూడున్నర ఇస్తున్నా. స్పోకెన్‌కు ఒకటి, అదీ ఆ అబ్బాయి టైముకు వస్తాడు కాబట్టి.

చేరేవాళ్ళు కట్టే ముందే మూడు నెలలూ సారే చెప్తారా అని అడగండి, మెటీరియల్ కొనకుండా పక్కవాళ్ళది చూసి సరిపెట్టుకోండి, ముందు రెండు వరసల్లో చోటు కావాలంటే ఐదున్నరకే వెళ్ళండి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే మనిషికి రెండు వేలకు ఒప్పుకుంటున్నారు. రసీదు అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు.